పాత కారు... ఆదరువా? గుదిబండా?

* తిరిగిన దూరం కన్నా జరిగిన సంరక్షణే ప్రధానం
* పేరు మార్పిడి జరగకుంటే అమ్మినవారికీ చిక్కులే
* కారు ధరతోపాటు మరమ్మతుల సొమ్మూ సిద్ధంగా ఉండాలి

విజయవాడ: నిత్యం 20 కిలోమీటర్లు వెళ్లి పాఠాలు చెప్పి వచ్చే ఉపాధ్యాయుడు, తెల్లవారకముందే సరుకుతో మార్కెట్‌కు చేరవలసిన చిరువ్యాపారి, వృద్ధులైన తల్లిదండ్రులను తరచూ ఆసుపత్రికి తీసుకువెళ్లవలసిన కుటుంబం... వీరికి కారు విలాసం కాదు, అవసరం. కొత్త కారుకు స్థోమత చాలనివారు లక్ష రూపాయలకు అటూఇటూగా దొరికే పాత కార్ల వైపు మొగ్గు చూపుతున్నారు. మీటరులో లక్ష కిలోమీటర్లు దాటిన అంకె కనిపించగానే కొందరు వెనుదిరుగుతారు. మరికొందరు పైపై మెరుగులకు మురిసి అక్కడికక్కడే బయానా ఇచ్చేస్తారు. ఈ రెండూ పొరపాట్లే. బాగా తిరిగిన కారును రోజువారీ అవసరాలకు నిశ్చింతగా వాడుకోవచ్చు. అందుకు కొనే ముందు పరిశీలన, కొన్న వెంటనే కొన్ని మరమ్మతులు, కాగితాల విషయంలో ఖచ్చితత్వం అవసరం.

లక్ష దాటితే పనికిరాదా?

సామాన్యుడికి కారును చేరువ చేసిన మారుతి 800 వాహనం 1983 డిసెంబరులో రోడ్డెక్కింది. 796 సీసీ సామర్థ్యం, మూడు సిలిండర్లు గల చిన్న ఇంజను దానిది. 2014 జనవరిలో ఉత్పత్తి నిలిచిపోయింది. 1998లో శాంత్రో, ఇండికా, 1999 చివరన వ్యాగనార్, 2000లో ఆల్టో వచ్చాయి. పెద్ద సంఖ్యలో అమ్ముడైన ఇటువంటి మోడళ్లకు విడిభాగాలు, వాటి గుట్టుమట్లు తెలిసిన మెకానిక్కులు సులువుగా దొరుకుతారు. విజయవాడలోని జవహర్ ఆటోనగర్ వంటి చోట్ల కొత్త భాగాలతోపాటు వాడిన భాగాలూ లభిస్తాయి. అరుదైన విదేశీ మోడల్ ఎంత చౌకగా వచ్చినా, ఒక్క విడిభాగం కోసం వారాల తరబడి ఎదురుచూడవలసి వస్తే అది నిత్యావసరానికి అక్కరకు రాదు.

సకాలంలో ఆయిల్ మార్చుతూ జాతీయ రహదారిపై నిలకడగా నడిచిన కారు లక్షన్నర కిలోమీటర్లు తిరిగినా ఇంజను గట్టిగానే ఉండవచ్చు. పట్టణంలో అడుగడుగునా ఆగుతూ, రెండు మూడు కిలోమీటర్ల దూరాలకే వాడిన కారులో తక్కువ దూరానికే క్లచ్, బ్రేకులు, ఇంజను అరిగిపోతాయి. చల్లని ఇంజనును స్టార్టు చేసిన తొలి క్షణాల్లో ఆయిల్ పూర్తిగా అందక అరుగుదల ఎక్కువగా ఉండడమే ఇందుకు కారణం. అలాగని ఏళ్ల తరబడి కదలకుండా షెడ్డులో నిలిచిన కారు మేలని భావించరాదు. కారు తిరగకపోయినా టైర్లు, గొట్టాలు, బుష్‌లు, సీళ్లు వంటి రబ్బరు భాగాలు వయసుతోపాటు ఎండి పగులుతాయి.

మీటరును నమ్మితే మోసం

మీటరును వెనక్కి తిప్పి తక్కువ దూరం చూపడం పాత కార్ల వ్యాపారంలో ఎరుగనిది కాదు. అందువల్ల మీటరులోని అంకెను సర్వీసు బిల్లులతో సరిపోల్చుకోవాలి. 40 వేల కిలోమీటర్లే తిరిగిందని చెప్పే కారులో పెడల్ రబ్బర్లు నున్నగా అరిగి, స్టీరింగ్ చక్రం మెరుస్తూ, డ్రైవరు సీటు కుంగి ఉంటే అనుమానించక తప్పదు.

కారును ఉదయం వేళ, ఇంజను చల్లగా ఉన్నప్పుడే చూడాలి. ముందుగానే వేడి చేసి ఉంచిన ఇంజనులో లోపాలు బయటపడవు. స్టార్టు చేసినప్పుడు వెలువడే పొగ రంగును గమనించాలి. నీలి పొగ ఎడతెగక వస్తే ఇంజను ఆయిల్ కాలిపోతోందని అర్థం. నల్లని పొగ ఇంధనం సరిగా మండడం లేదనడానికి సూచన. ఇంజను వేడెక్కిన తరువాత కూడా తెల్లని పొగ దట్టంగా వస్తుంటే కూలెంట్ సిలిండర్లలోకి చేరుతోందని, హెడ్ గ్యాస్కెట్ దెబ్బతిని ఉండవచ్చని భావించాలి. ఆయిల్ మూత అడుగున మజ్జిగ వంటి తెల్లని జిగురు పేరుకుని ఉన్నా జాగ్రత్త పడాలి.

అనంతరం కనీసం పది కిలోమీటర్లు నడిపి చూడాలి. స్టీరింగ్ ఒక వైపుకు లాగడం, బ్రేకు వేయగానే కారు వణకడం, ఇంజను వేగం పెరిగినా కారు వేగం పెరగకపోవడం వంటివి ఖర్చుకు సంకేతాలు. చివరిది క్లచ్ ప్లేటు అరిగిందనడానికి గుర్తు. తలుపుల మధ్య సందులు సమానంగా లేకపోయినా, ఒక భాగం రంగు మరో భాగంతో కలవకపోయినా గతంలో ప్రమాదం జరిగి టింకరింగ్ చేసి ఉండవచ్చు. సముద్ర తీర ప్రాంతాల్లో తిరిగిన కార్లకు ఉప్పు గాలి వల్ల అడుగు భాగం తుప్పు పట్టే ముప్పు ఎక్కువ. ఇంజనును బాగుచేయవచ్చు గానీ తుప్పు తిన్న చట్రాన్ని నమ్ముకోవడం ప్రాణాంతకం.

వరదలో మునిగిందేమో!

2020 అక్టోబరులో హైదరాబాద్‌ను, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచెత్తిన వరదల్లో పెద్ద సంఖ్యలో వాహనాలు నీట మునిగాయి. అటువంటి కార్లను శుభ్రం చేసి, మెరుగులు దిద్ది, దూర ప్రాంతాల్లో అమ్మే అవకాశం ఉంది. వైరింగ్ కనెక్టర్లలో చేరిన తేమ నెలల తరువాత తుప్పుగా మారి ఇబ్బంది పెడుతుంది. నేలపై పరచిన కార్పెట్‌ను ఎత్తి చూడడం, సీట్ల కింది పట్టాలపై తుప్పు, సీటు బెల్టును పూర్తిగా లాగినప్పుడు బురద మరక, హెడ్‌లైట్ల లోపల నీటి ఆవిరి ఉన్నాయేమో పరిశీలించడం అవసరం. లోపల ఘాటైన అత్తరు వాసన గుప్పుమంటే ఏ వాసనను కప్పిపుచ్చుతున్నారోనని ఆలోచించాలి.

పేరు మారకుంటే ఇద్దరికీ ముప్పే

పాత కార్ల వ్యవహారంలో ఎక్కువ నష్టం కలిగించేది యంత్ర లోపం కాదు, కాగితాల పట్ల అలసత్వం. మోటారు వాహనాల చట్టం, 1988లోని 50వ సెక్షన్ ప్రకారం ఒకే రాష్ట్రంలో నమోదైన వాహనాన్ని అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో రిజిస్ట్రేషన్ అధికారికి తెలియజేయాలి. ఇందుకు ఫారం 29, ఫారం 30 వాడతారు. రుణంపై కొన్న కారైతే అప్పు తీరినట్లు ఫారం 35తో ఆర్‌సీలో ఫైనాన్స్ సంస్థ పేరును తొలగించుకోవాలి. పెండింగు చలానాలను ముందే సరిచూసుకోవాలి.

ఖాళీ కాగితాలపై సంతకాలు తీసుకుని బ్రోకరు చేతిలో పెట్టి ఊరుకోవడం చాలాచోట్ల ఆనవాయితీగా మారింది. దీనివల్ల ముందుగా చిక్కుల్లో పడేది అమ్మినవారే. పలువురి చేతులు మారినా ఆర్‌సీలో తొలి యజమాని పేరే కొనసాగిన ఒక వాహనం వల్ల జరిగిన ప్రమాదంపై సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో తీర్పు ఇచ్చింది. రికార్డుల్లో ఎవరి పేరు ఉంటే వారే చట్టం దృష్టిలో యజమాని అని, పరిహార బాధ్యత వారిదేనని స్పష్టం చేసింది. ఏళ్ల కిందట అమ్మేసిన కారు చేసిన ప్రమాదానికి లక్షల రూపాయలు చెల్లించవలసిన దుస్థితి ఏ కుటుంబానికైనా రావచ్చు.

కొన్నవారికీ బీమా రూపంలో చిక్కు ఉంది. చట్టంలోని 157వ సెక్షన్ ప్రకారం మూడో వ్యక్తికి కలిగే నష్టానికి సంబంధించిన బీమా కొత్త యజమానికి బదిలీ అయినట్లే పరిగణిస్తారు. సొంత కారుకు జరిగే నష్టానికి మాత్రం పాలసీని తమ పేరుకు మార్చుకోకుంటే క్లెయిము తిరస్కరణకు గురికావచ్చు. పేరు మార్పు కోసం 14 రోజుల్లోగా బీమా సంస్థకు దరఖాస్తు చేసుకోవాలి.

ఢిల్లీ కారు చౌకే, కానీ...

దేశ రాజధాని ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్, 15 ఏళ్లు దాటిన పెట్రోలు వాహనాలు తిరగరాదని 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్, 2018లో సుప్రీంకోర్టు ఆదేశించాయి. దీంతో అక్కడి కార్లు తక్కువ ధరకు ఇతర రాష్ట్రాలకు తరలివచ్చాయి. పొరుగు రాష్ట్రపు కారుకు అక్కడి అధికారుల నిరభ్యంతర పత్రం ఉండాలి. ఇక్కడ జీవితకాల పన్ను చెల్లించి కొత్త నంబరు పొందాలి. 12 నెలలకు మించి వేరే రాష్ట్రపు నంబరుతో తిరగడానికి చట్టం అనుమతించదు. ఈ పన్నును కలుపుకొంటే చౌక బేరం కాస్తా ప్రియమయ్యే అవకాశం ఉంది.

15 ఏళ్ల గడువు

సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. తరువాత వాహన సామర్థ్యాన్ని పరీక్షించి ఐదేళ్ల చొప్పున పొడిగిస్తారు. కార్లకు 600 రూపాయలుగా ఉన్న ఈ రుసుమును 2022 ఏప్రిల్ 1 నుంచి 5,000 రూపాయలకు పెంచారు. 20 ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో దానిని 10,000 రూపాయలు చేశారు. హరిత పన్ను దీనికి అదనం. 14 ఏళ్లు నిండిన కారును కొనేవారు ఈ మొత్తాన్ని ధరలో తగ్గించి బేరమాడుకోవాలి.

లెక్క ఇలా వేసుకోవాలి

రోజుకు 40 కిలోమీటర్ల చొప్పున 300 రోజులు తిరిగితే ఏడాదికి 12,000 కిలోమీటర్లు. లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే పాత కారుకు 800 లీటర్ల పెట్రోలు కావాలి. లీటరు 110 రూపాయలనుకుంటే 88,000 రూపాయలు. లీటరుకు 20 కిలోమీటర్లు ఇచ్చే కొత్త కారుకు 66,000 రూపాయలు చాలు. అంటే ఇంధనంలో పాత కారు 22,000 రూపాయలు ఎక్కువ తాగుతుంది.

లక్షా 20 వేల రూపాయలకు కొని నాలుగేళ్లు వాడి 40 వేలకు అమ్మితే విలువలో తరుగుదల ఏడాదికి 20,000 రూపాయలు. మరమ్మతులకు 30,000 రూపాయలు వేసుకుంటే, అదనపు ఇంధనంతో కలిపి మొత్తం 72,000 రూపాయలు. మరోవైపు కొత్త కారుకు ఐదు లక్షల రూపాయలను తొమ్మిదిన్నర శాతం వడ్డీతో ఐదేళ్లకు తీసుకుంటే నెలకు సుమారు 10,500 చొప్పున ఏడాదికి 1,26,000 రూపాయలు కట్టాలి. ఐదేళ్ల తరువాత ఆ కారుకు తగిన విలువ మిగులుతుందన్నది నిజమే. కానీ పంట చేతికి రాకపోయినా, జీతం ఆలస్యమైనా వాయిదా ఆగదు. పాత కారుతో ఆ బెడద లేదు గానీ దాని ఖర్చు చెప్పి రాదు. నెలకు 2,500 రూపాయలు విడిగా దాచుకుంటే ఏడాదికి 30,000 రూపాయలు సమకూరుతాయి.

మూడో వ్యక్తి బీమా ప్రీమియాన్ని 2022 జూన్ 1 నుంచి వెయ్యి సీసీ మించని కార్లకు 2,094 రూపాయలుగా, 1,500 సీసీ వరకు 3,416 రూపాయలుగా నిర్ణయించారు. జీఎస్టీ, యజమాని ప్రమాద బీమా అదనం. దీనిని ఎగ్గొట్టి తిరగడం నేరం.

తొలి నెలలో చేయవలసినవి

పాత యజమాని మాటలపై ఆధారపడకుండా ఇంజను ఆయిల్, ఆయిల్ ఫిల్టరు, ఎయిర్ ఫిల్టరు, కూలెంట్, బ్రేక్ ఆయిల్ ఒకేసారి మార్పించాలి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. అందువల్ల దూరంతో నిమిత్తం లేకుండా రెండేళ్లకోసారి మార్చడం మంచిది. మారుతి 800 వంటి కార్లలో టైమింగ్ బెల్టు ఉంటుంది. అది నడకలో తెగితే కారు ఉన్నపళంగా ఆగిపోతుంది. కొన్ని ఇంజన్లలో వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి. బెల్టు ఎప్పుడు మార్చారో రుజువు లేకుంటే వెంటనే మార్చడమే పొదుపు.

టైరు పక్కన ఉండే నాలుగంకెల సంఖ్యలో మొదటి రెండు అంకెలు తయారైన వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని తెలుపుతాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారమని అర్థం. గాడులు లోతుగా ఉన్నా, పగుళ్లు కనిపిస్తే ఆ టైరుతో రహదారి ఎక్కరాదు. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలును దృష్టిలో ఉంచుకోకుండా తయారైన పాత కార్లలో ఇంధన గొట్టాలు, సీళ్లు త్వరగా దెబ్బతినవచ్చు. సర్వీసు చేయించిన ప్రతిసారీ వాటిని చూపించుకోవాలి. పెట్రోలు వాసన వస్తే ఉపేక్షించరాదు.

వేసవి పరీక్ష

పాత కారుకు అసలైన పరీక్ష రోహిణి కార్తె ఎండల్లోనే. రేడియేటర్‌లో కూలెంట్‌కు బదులు బోరు నీళ్లు పోస్తే లవణాలు పేరుకుని మార్గాలు పూడుకుపోతాయి. ఇంజను వేడెక్కుతోందని థర్మోస్టాట్‌ను తీసివేయించడం పరిష్కారం కాదు. ఫ్యాను, వాటర్ పంపు, రేడియేటర్లలో లోపం ఎక్కడుందో కనిపెట్టాలి. ఉష్ణోగ్రత ముల్లు ఎర్ర గీతను సమీపిస్తే వెంటనే పక్కకు ఆపి ఇంజనును ఆపివేయాలి. వేడిగా ఉండగా రేడియేటర్ మూత తీస్తే మరిగే నీరు ముఖంపైకి చిమ్ముతుంది. మరో ఐదు కిలోమీటర్లేనని అలాగే నడిపితే కొన్ని వందల రూపాయల గొట్టంతో పోయేది ఇంజను మరమ్మతు దాకా వస్తుంది.

భద్రతలో రాజీ వద్దు

చవక కారుతో వచ్చే నిజమైన లోటు భద్రత. కార్లన్నింటికీ ఏబీఎస్ బ్రేకులు, డ్రైవరు ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయింది 2019లోనే. అంతకు ముందరి చౌక కార్లలో చాలావాటికి ఈ రెండూ ఉండవు. ఈ లోటును మరమ్మతులతో పూడ్చలేం. కాబట్టి వేగం తగ్గించుకోవడం, వెనుక సీట్లో ఉన్నవారితో సహా అందరూ బెల్టు పెట్టుకోవడం, బ్రేకులు, టైర్లపై ఖర్చుకు వెనుకాడకపోవడం తప్పనిసరి. సంగీతం పెట్టెకు, సీటు కవర్లకు పెట్టే డబ్బును ముందుగా నాలుగు మంచి టైర్లకు పెట్టడం వివేకం.

ఎప్పుడు వదులుకోవాలి?

చట్రానికి తుప్పు పట్టినా, ఒక్క మరమ్మతు ఖర్చు కారు విలువలో సగం దాటినా, నెలకు రెండుసార్లు దారిలో నిలిచిపోతున్నా ఇక మమకారం వీడాలి. నడవని కారును గుర్తింపు పొందిన తుక్కు కేంద్రానికి అప్పగించి ధ్రువపత్రం తీసుకుంటే కొత్త వాహనం పన్నులో రాయితీ పొందే అవకాశం ఉంది. ఆర్‌సీ రద్దు చేయించకుండా పాత ఇనుము కొట్టుకు అమ్మరాదు. ఆ నంబరు దుర్వినియోగమైతే జవాబు చెప్పుకోవలసింది యజమానే. కొనేటప్పుడు మెకానిక్కుకు ఎంత ప్రాధాన్యం ఇస్తారో, కొన్నాక పేరు మార్పిడికీ అంతే ఇవ్వాలి. అప్పుడే పాత కారు ఆదరువుగా నిలుస్తుంది.