రెండు కరవులు, ఒక పిట్టముక్కు

జీవలోకమున పోటీ యనగానే బలవంతము దుర్బలమును మ్రింగుటయే యని తలచువారు పెక్కుమంది గలరు. పోటీవలన జాతులు నశించుటయే గాక, వేరు త్రోవలు పట్టి రూపమే మారుటయు గలదు. ఇందులకు దూరపు దీవి యొకటి చక్కని సాక్ష్యమిచ్చుచున్నది. దానిని పాఠకుల యెదుట నుంచుచున్నాము.

పసిఫిక్ మహాసముద్రమున ఈక్వెడారు దేశమునకు జెందిన గాలపాగోస్ ద్వీపములను డార్విన్ 1835లో దర్శించెను. అచ్చటి ఫించ్ పిట్టలు ఒకే మూలజాతినుండి పుట్టినవయ్యును, తిండికి దగినట్లు వేర్వేరు ముక్కులు గలిగియున్నవి. ఆ ద్వీపములలో నొకటియగు డాఫ్నీ మేజర్‌నందు పీటర్ గ్రాంటు, రోజ్‌మేరీ గ్రాంటు దంపతులు 1973 మొదలుకొని దశాబ్దములపాటు పిట్టలను పట్టి, ముక్కులు కొలిచి, కాళ్లకు గుర్తుకడియములు వేసి విడిచిరి.

1977లో అచ్చట కరవు వచ్చెను. దీవిలోని మధ్యమ ఫించ్ జాతి పిట్టలలో నూటికి దాదాపు 85 చచ్చెను. మెత్తని చిన్నగింజలు తరిగి, పల్లేరుకాయలు మిగిలెను. ఈ పల్లేరు మన చేలలో కాలికి గ్రుచ్చుకొను పల్లేరునకు దగ్గరి చుట్టమే. ఆ గట్టికాయలను పగులగొట్టగల పెద్దముక్కు పిట్టలే యెక్కువగా బ్రదికెను. ముక్కు పరిమాణము వంశానుగతమగుటచే తరువాతి తరమున ముక్కులు సగటున పెద్దవయ్యెను.

1982-83లో పెద్ద ఫించ్ అను మరియొక జాతి యా దీవిలో గూళ్లు కట్ట నారంభించెను. ఇది మధ్యమజాతికంటె చాల బరువైనది. పల్లేరే దీని ముఖ్యాహారము. 2003, 2004లలో మరల వానలు తప్పెను. ఈమారు ఫలము తలక్రిందయ్యెను. పల్లేరును పెద్దజాతి తినివేయగా, మధ్యమజాతిలో పెద్దముక్కు పిట్టలే ఆకలికి బలియయ్యెను. చిన్నగింజలతో పొట్టపోసికొనునవి నిలిచెను. తరువాతి ముక్కులు సగటున చిన్నవయ్యెను. పెద్దజాతి పిట్టలును తిండి చాలక పెక్కు చచ్చెను. కరవు రెండుమారులును వచ్చినది. ప్రత్యర్థి రెండవమారు మాత్రమే యుండెను. భేదమునకు గారణము పోటీయే యని గ్రాంటు దంపతులు 2006లో ప్రకటించిరి.

ఏ పిట్టయు తన ముక్కును దాను తగ్గించుకొనలేదని మరువరాదు. పుట్టుకతో గల భేదములలో కొన్ని మరణము పాలయ్యెను. కొన్ని సంతానమును విడిచెను. ఒక్క కరవుతో క్రొత్తజాతి పుట్టదు. అయినను ఇట్టి యెడము తరతరములు పెరిగినచో, పొరుగుజాతులు ఒకే తిండిపై బడక వేర్వేరు బ్రదుకుతెరువులు చేపట్టును. జీవవైవిధ్యమునకు గల మార్గములలో నిది యొకటి.

బలమే యెల్లప్పుడు గెలుచునని నమ్మువారికి మేము చెప్పునది యింతియే: 1977లో ప్రాణము నిలిపిన పెద్దముక్కే 2004లో ప్రాణము దీసెను.