మూసిన గదిలో మండు గ్యాసు - గాలికి దారి

చలికాలపు ఉదయమున వేడినీళ్లు కోరనివారుండరు. ఒకప్పుడు పెరటిలో రాగిబిందె క్రింద పుల్లలు ఎగదోసి కాచుకొనిన నీళ్లే నేడు గోడకు బిగించిన గ్యాసు గీజరునుండి కుళాయి త్రిప్పినంతనే వచ్చుచున్నవి. చలి మిక్కుటముగా నుండు ప్రాంతములలో ఇదే గ్యాసు గదులను వెచ్చజేయు హీటరులలోను మండుచున్నది. సౌకర్యము మంచిదే. కాని పెరటిలోని పొయ్యికి కావలసినంత గాలి ఉండెడిది. నాలుగు గోడల నడుమ మండు నిప్పునకు ఆ గదిలోని గాలియే ఆధారము. ఆ గదిలోని మనిషికిని అదే ఆధారము. ఈ ఇద్దరు పంచుకొనవలసిన గాలి ఎంత, అది తరిగినప్పుడు ఏమి జరుగును, దానికి దారి ఎట్లు ఏర్పరుపవలెను అను విషయములను ఈ వ్యాసమున వివరింపదలచితిమి.

తెలుగు పాఠము చెప్పుకొనువారికి ఈ వాయువుల గొడవ ఏల అని మా విద్యార్థులు నవ్వుకొనవచ్చును. మన వసతిగృహమున క్రొత్త స్నానపుగదులు కట్టింపవలెననియు, కరెంటు ఖర్చు తగ్గుటకై వానిలో గ్యాసు గీజరులు అమర్పవలెననియు కళాశాల కమిటీవారు ఆలోచించుచున్నారు. సైన్సు విభాగపు మిత్రులు లెక్కలు కట్టియిచ్చిరి. వానిని అందరికి అర్థమగు మాటలలో చెప్పుట మా వంతైనది. ఇంతేకాక, మన విద్యార్థులలో పలువురు చదువు ముగియగానే ఢిల్లీకో, ఇతర నగరములకో పోయి అద్దెగదులలో ఉండువారు. విహారయాత్రలకై కాశ్మీరమునకు, నేపాలునకు పోవువారును కలరు.

నేపాలు పేరెత్తినప్పుడు 2020 జనవరిలో జరిగిన దుర్ఘటన జ్ఞప్తికి రాక మానదు. కేరళనుండి విహారయాత్రకు వెళ్లిన 15 మంది ఆ దేశమున మక్వాన్‌పూర్ జిల్లాలోని దామన్ అను కొండప్రాంతమున ఒక విడిదిలో రాత్రి బసచేసిరి. సముద్రమట్టమునకు 2000 మీటర్లకు పైబడిన ఎత్తు అది. చలికి తాళలేక వారిలో ఎనమండుగురు ఒకే గదిలో చేరి, తలుపులు కిటికీలు బిగించుకొని, గ్యాసు హీటరు వెలిగించుకొని నిద్రించిరి. తెల్లవారిన పిదప స్పృహలేని స్థితిలో కనబడిన ఆ ఎనిమిది మందియు మరణించిరి. వారిలో నలుగురు పసిపిల్లలు. ఆ గదిలో మంటలు లేవలేదు, సిలిండరు పేలలేదు. వెచ్చదనమునకై పెట్టుకొనిన నిప్పు మౌనముగా మండుటయే అక్కడ జరిగిన పని.

అది ఏమి పని చేసెనో తెలిసికొనుటకు కొంచెము రసాయనశాస్త్రము అవసరము. మన సిలిండరులలోని గ్యాసు ప్రధానముగా ప్రొపేను, బ్యూటేను అను రెండు వాయువుల మిశ్రమము. ఒక పాలు ప్రొపేను పూర్తిగా మండుటకు 5 పాళ్ల ప్రాణవాయువు కావలెను. గాలిలో ప్రాణవాయువు అయిదవ వంతు మాత్రమే గావున, 24 పాళ్ల గాలి కావలసివచ్చును. బ్యూటేనునకు ఇంకను ఎక్కువ. తూకమున చెప్పవలెనన్న, ఒక కిలో గ్యాసు మండుటకు సుమారు 12 ఘనమీటర్ల గాలి పట్టును. అంత గాలి దొరికినచో మిగులునవి బొగ్గుపులుసు వాయువు, నీటియావిరి. దొరకనిచో, రెండు ప్రాణవాయు పరమాణువులతో కలియవలసిన బొగ్గు పరమాణువు ఒక్కదానితోనే సరిపెట్టుకొనును. అట్లు పుట్టునదే కార్బన్ మోనాక్సైడు. దానికి రంగు లేదు, వాసన లేదు, కన్నులు మండవు, దగ్గు రాదు.

ఇక్కడ ఒక భ్రమను తొలగింపవలసియున్నది. గ్యాసు ప్రమాదమన్న వాసన వచ్చునని మనవారి నమ్మకము. ఆ వాసన కారుచున్న గ్యాసును పసిగట్టుటకై కర్మాగారమున కలిపిన మెర్‌కాప్టాను అను పదార్థమునది. గ్యాసుతోపాటు అదియు మండిపోవును. కావున మండిన తరువాత పుట్టిన విషమునకు ఆ గుర్తు ఉండదు. వాసన లేదుగదా అని ధైర్యపడుట ఇందుచేతనే తగదు.

ఇప్పుడు లెక్కకు వత్తము. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు గల గదిలో సుమారు 28 ఘనమీటర్ల గాలి పట్టును. 4 కిలోవాట్ల గది హీటరు గంటకు దాదాపు 300 గ్రాముల గ్యాసు కాల్చును. అనగా గంటకు దగ్గరదగ్గర 4 ఘనమీటర్ల గాలిలోని ప్రాణవాయువును హరించును. గది నిజముగా గాలి చొరనిదైనచో, నూటికి 21 పాళ్లున్న ప్రాణవాయువు సుమారొక గంటలో 18 పాళ్లకు దిగును. అక్కడినుండి మంట స్వభావమే మారి విషవాయువు త్వరత్వరగా పెరుగును. నిజమైన గదులలో తలుపుసందులు, కిటికీసందులు ఉండుటచేత ఈ గడువు కొంత సాగును. చలికి భయపడి ఆ సందులలో గుడ్డలు కుక్కుకొనువారు ఆ కొంతను కూడ పోగొట్టుకొనుచున్నారు.

స్నానపుగది సంగతి ఇంకను విషమము. అయిదడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు, ఎనిమిదడుగుల ఎత్తుగల గదిలో 8 ఘనమీటర్ల గాలియే ఉండును. నిమిషమునకు 6 లీటర్ల నీటిని 25 డిగ్రీలు వేడిచేయు గీజరు గంటకు కిలో గ్యాసు చొప్పున కాల్చును. గది హీటరు గంటలో చేయు పనిని ఈ గీజరు ఈ చిన్నగదిలో అయిదారు నిమిషములలోనే చేయగలదు. పది నిమిషములు మండినచో గదిలోని నాలుగవ వంతు గాలి దానికే చెల్లిపోవును. ఇంటిలో ఒకరు స్నానము చేసి తలుపు తెరిచినచో గాలి మారును. వసతిగృహమున అట్లు కాదు. ఉదయము తరగతుల వేళకు ఒకరి వెనుక నొకరు వరుసగా నిలుతురు. ఒకడు బయటికి వచ్చీరాకముందే ఇంకొకడు దూరి గడియ వేసికొనును. కమిటీవారు ఈ వరుసను మనసునందుంచుకొన గోరుచున్నాము.

ఈ విషము రక్తమునందు ఏమి చేయును? ఊపిరితిత్తులనుండి ప్రాణవాయువును మోసికొనిపోవు హీమోగ్లోబిన్‌కు కార్బన్ మోనాక్సైడుపై ఉన్న మక్కువ ప్రాణవాయువుపై ఉన్నదానికంటె 200 మొదలు 250 రెట్లు అధికము. దీని అర్థమును ఒక చిన్న భాగహారముతో గ్రహింపవచ్చును. గాలిలో ప్రాణవాయువు నూటికి 21 పాళ్లు. దానిని 210 చేత భాగించిన నూటికి పదవ వంతు వచ్చును. అనగా వెయ్యి పాళ్ల గాలిలో ఒక్క పాలు ఈ విషమున్నను, ఆ గాలి పీల్చుచు చాలసేపున్న మనిషి రక్తములో సగము హీమోగ్లోబిన్ దాని వశమగును. ఒక్క పాలునకు ఇంత బలమా అని మేమును మొదట ఆశ్చర్యపడితిమి. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు క్లాడ్ బెర్నార్డు ఈ వాయువు రక్తమును పట్టుకొను తీరును 19వ శతాబ్దమునందే పరిశోధించెను. అయినను అదే దేశమున మహా నవలాకారుడు ఎమిలీ జోలా 1902లో పారిస్‌లోని తన ఇంటిలో, పొగగొట్టము మూసికొనిపోయిన నిప్పుగూటి వాయువుచేత మరణించెను.

తలనొప్పి, వికారము, కన్నులు తిరుగుట, కాళ్లలో బలము లేకపోవుట మొదటి లక్షణములు. అజీర్ణమనియో జలుబనియో పొరపడుట సులభము. ఒకే గదిలోని ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి వచ్చి, బయటికి రాగానే తగ్గినచో అనుమానింపవలెను. భయంకరమైన సంగతి ఏమనగా, తెలివి పూర్తిగా పోకముందే కాళ్లు చచ్చుబడును. ఏమో జరుగుచున్నదని తెలిసియు గడియవరకు చేయి చాపలేకపోవుదురు. గీజరు వెలుగుచున్న స్నానపుగదులలో మూర్ఛతో పడిపోయిన మనుష్యులను గూర్చి మన దేశపు వైద్యులు వైద్యపత్రికలలో వ్రాసియున్నారు. వారిలో మునుపెన్నడు మూర్ఛరోగము లేనివారును ఉన్నారు. గర్భిణీస్త్రీల విషయమున తల్లికంటె కడుపులోని బిడ్డకు హాని ఎక్కువ.

2020లో కరోనా వచ్చిన తరువాత పలు ఇండ్లలో వ్రేలికి తగిలించు ఆక్సీమీటరు చేరినది. ఈ సందర్భమున దానిని నమ్మరాదు. ప్రాణవాయువు మోయు హీమోగ్లోబిన్‌ను, విషము మోయు హీమోగ్లోబిన్‌ను అది వేరుచేయలేదు. మనిషి కూలిపోవుచుండగా 98 అని చూపగలదు. చేయవలసిన పని తలుపు తెరచి, గ్యాసు కట్టి, మనిషిని బయటి గాలిలోనికి తెచ్చి, జాగుచేయక ఆసుపత్రికి చేర్చి, ఇది గ్యాసు గీజరు వ్యవహారమని వైద్యునకు స్పష్టముగా చెప్పుట. మామూలు గాలిలో రక్తమునుండి సగము విషము పోవుటకు నాలుగైదు గంటలు పట్టును. స్వచ్ఛమైన ప్రాణవాయువు ఇచ్చినచో గంట, గంటన్నరలో పోవును. ఇంటివద్ద నిమ్మరసము త్రాగించుచు కూర్చుండుట ఆ గంటలను వ్యర్థపుచ్చుటయే.

ఇక గాలిదారి సంగతి. అన్నిటికంటె మేలైన పద్ధతి నిప్పును వెలుపల ఉంచి, వేడినీటిని మాత్రము గొట్టముద్వారా లోనికి తెచ్చుకొనుట. ఇది క్రొత్త ఊహ కాదు. పూర్వకాలపు హమాములలో కొలిమి ఒకచోట, స్నానము చేయు గది వేరొకచోట ఉండెడివి. గోలకొండ చెంత కుతుబ్‌షాహీ సమాధుల ఆవరణలోని పాత హమామును మన విద్యార్థులు చూచియేయుందురు. రాజులకు తెలిసిన ఈ జాగ్రత్త ఇంజనీరులున్న నేటికాలమున మరుగునపడుట వింతయే. గోడకు అవతల వసారాలో గీజరు బిగించి, గోడలో ఒక గొట్టము దింపుటకు అయ్యెడి అదనపు వ్యయము పెద్దది కాదు. మేస్త్రీకి ఒక పూట పని. వసారా నలుదిక్కుల అద్దములతో మూసినది మాత్రము కారాదు. సిలిండరును కూడ స్నానపుగదిలో పెట్టరాదు.

తప్పనిసరిగా లోపలనే పెట్టవలసివచ్చినచో, గాలిని వెలుపలినుండి పీల్చి పొగను వెలుపలికే వదలు మూతగల పరికరములు శ్రేష్ఠము. అవి లేనప్పుడు పొగగొట్టము తప్పక ఉండవలెను. అది స్నానపుగది పైకప్పు క్రిందనే ఆగిపోక గోడ దాటి ఆరుబయటికి పోవలెను. గోడ తొలుచుట శ్రమయని గొట్టమును గదిలోనే వదలివేయు పనివారు కలరు. డబ్బు ఇచ్చునప్పుడు గొట్టపు చివర ఎక్కడ ఉన్నదో బయటికి పోయి చూడవలెను.

గొట్టమొక్కటి చాలదు, గాలి లోనికి వచ్చుటకును దారి కావలెను. నేలకు దగ్గరగా ఒకటి, కప్పుకు దగ్గరగా ఒకటి, రెండు రంధ్రములుండుట క్షేమము. వేడిగాలి పైకి పోవును గనుక పైది, చల్లని గాలి వచ్చుటకు క్రిందిది. కారిన గ్యాసు గాలికంటె బరువైనది గనుక క్రిందిదానికి ఇంకొక ప్రయోజనము కూడ కలదు. అమెరికా దేశపు గ్యాసు నియమావళి, గంటకు 1000 బి.టి.యు.ల వేడికి 50 ఘనపుటడుగుల చొప్పున గది విశాలముగా లేనిచో ఇట్టి రెండు రంధ్రములు కోరును. ప్రక్క గదినుండి గాలి తీసికొనునప్పుడు ఒక్కొక్కటి 100 చదరపు అంగుళములకు తగ్గరాదు. మన గీజరు సుమారు 40,000 బి.టి.యు.లది. దానికి 2000 ఘనపుటడుగుల గది కావలెను. మనము పైన అనుకొనిన స్నానపుగది 280 ఘనపుటడుగులు. ఈ లెక్క పొగగొట్టమున్న పరికరమునకని గుర్తుంచుకొనవలెను. గొట్టము లేనిదానికి రంధ్రములే రక్షయనుకొనరాదు.

హైదరాబాదు పాత ఇండ్లలో గోడపైన రోషన్‌దాను ఉండెడిది. వెలుతురునకని పేరేగాని అది గదికి ముక్కు. దోమలకును చలికిని జడిసి దానికి అట్టముక్క అడ్డుపెట్టుట మన ఇండ్లలో సాధారణము. సన్నని దోమతెర కూడ దుమ్ముపట్టిన కొలది దారిని మూసివేయును. మూయుటకు వీలున్న కిటికీని ఈ లెక్కలో చేర్చరాదు. చలినాడు అది మూసియే ఉండును. గాలి లాగు ఫ్యానును గూర్చియు ఒక మాట: లోనికి గాలివచ్చు దారి లేనప్పుడు ఆ ఫ్యాను పొగగొట్టములోని పొగనే వెనుకకు గదిలోనికి లాగవచ్చును. మంచి చేయబోయి కీడు తెచ్చుకొనుట ఇటువంటిదే.

మంట నీలముగా కాక పసుపుపచ్చగా ఉండుట, పరికరముపై మసి పేరుకొనుట అపాయపు గుర్తులు. ప్రాణవాయువు తగ్గినప్పుడు తనంతట ఆరిపోవు ఏర్పాటు కొన్ని హీటరులలో కలదు. దానిని అడిగి కొనవలెను. కార్బన్ మోనాక్సైడును కనిపెట్టి మ్రోగు చిన్న యంత్రములును దొరకుచున్నవి. గ్యాసు కారినప్పుడు మ్రోగునది వేరు, ఇది వేరు.

బొగ్గుల కుంపటికిని ఇవే మాటలు వర్తించును. బాలింతగదిలో తలుపులు మూసి నిప్పులకుంపటి పెట్టు ఆచారము మన తెలుగునాట ఇంకను అక్కడక్కడ ఉన్నది. నివురుగప్పిన బొగ్గు పొగలేనట్లు కనబడినను ఈ విషమును గ్యాసుకంటె ధారాళముగా విడుచును.

కమిటీవారికి మా మనవి: గీజరులను వసారాగోడకు వెలుపలివైపున పెట్టింపుడు. ఎండకు కొదువలేని మన ఊరిలో మిద్దెపై సౌరశక్తితో నీరు కాచు ఏర్పాటు సాధ్యమగునేమో కూడ విచారింపుడు. ఏది పెట్టించినను, పనివారు వెళ్లకముందు తలుపు మూసి, గీజరు వెలిగించి, వెలిగించిన అగరువత్తిని క్రింది రంధ్రము దగ్గరను, పొగగొట్టము దగ్గరను పట్టి చూడవలెను. క్రిందిదాని దగ్గర పొగ లోనికి వంగవలెను, గొట్టము దగ్గర గొట్టములోనికి పోవలెను. గొట్టమునుండి గదిలోనికి తిరిగివచ్చినచో వెంటనే గ్యాసు కట్టి, ఆ లోపము సరిచేయువరకు ఆ గదికి తాళము వేయింపవలెను.