పిడుగుకు ఫోన్ పనిలేదు

చేలో ఉండగా మబ్బు పట్టి ఉరిమిందంటే చాలామంది ముందు ఫోన్ ఆపేస్తారు. నిజానికి జేబులో ఉన్న ఫోన్ పిడుగును లాక్కోదు. పిడుగు ఎత్తుగా ఉన్నదాని మీద పడుతుంది: ఒంటరి చెట్టు, స్తంభం, బయట మైదానంలో నిలబడ్డ మనిషి. అందుకే ఆపాల్సింది ఫోన్ కాదు, పని. పక్కా ఇంట్లోకి చేరుకోవాలి, చెట్టు కిందికి మాత్రం వెళ్లకూడదు. ఆపదలో 112కు కాల్ చేయాల్సి రావచ్చు కాబట్టి ఫోన్ ఆన్‌లోనే ఉండాలి.

ఫోన్‌తో భయపడాల్సింది ఇంట్లో, అదీ ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు. దగ్గర్లో పిడుగు పడితే ఆ విద్యుత్తు కరెంటు తీగల వెంట ఇంట్లోకి వస్తుంది. ఛార్జర్‌కు తగిలించిన ఫోన్‌లో అప్పుడు మాట్లాడటం ప్రమాదం. తొలి ఉరుముకే ప్లగ్ పీకేయాలి. 2023 మార్చి 16న వడగళ్లు మన వికారాబాద్ జిల్లాలోని మర్పల్లిని తెల్లగా కప్పేశాయి. ఈ ప్రాంతానికి వేసవి వాన ఎంత ఉధృతంగా వస్తుందో అది చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

అలాంటి వానలో తడిసిన ఫోన్‌ను బియ్యం డబ్బాలో పెట్టొద్దని ఐఫోన్ తయారుచేసే యాపిల్ సంస్థే చెబుతోంది. బియ్యపు నలుసులు, పొడి లోపలికి పోయి పాడుచేస్తాయి. ఛార్జింగ్ రంధ్రం కిందికి ఉండేలా పట్టుకుని మెల్లగా తట్టి, గాలి ఆడేచోట ఆరనివ్వాలి. పూర్తిగా ఆరేదాకా ఛార్జింగ్ పెట్టకూడదు.

నీటికన్నా నిత్యం దెబ్బ తీసేది ఎండ. ఫోన్లలో ఉండే లిథియం అయాన్ బ్యాటరీ 1991లో బజారుకు వచ్చింది. దాన్ని సాధ్యం చేసిన గుడ్‌ఇనఫ్, విటింగ్‌హామ్, యోషినోలకు 2019లో నోబెల్ దక్కింది. ఇంత గొప్ప బ్యాటరీకి వేడి మాత్రం పడదు. ఐఫోన్‌ను 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమని యాపిల్ సూచన. మన వికారాబాద్ జిల్లాలో మే నెల ఎండ 40 దాటుతుంది. ట్రాక్టర్ మీద, బండి ట్యాంకు కవర్లో ఎండకు వదిలేసిన ఫోన్ ఇంకా వేడెక్కుతుంది. లోపలి రసాయనాలు త్వరగా క్షీణించి బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది. దిండు కింద పెట్టి ఛార్జ్ చేసినా అంతే, వేడి బయటికి పోయే దారి ఉండదు. వెనక మూత ఉబ్బితే వెంటనే వాడకం ఆపేయండి. నొక్కడం, గుచ్చడం చేస్తే మంటలు రావచ్చు.

వికారాబాద్ నుంచి మర్పల్లి మీదుగా జహీరాబాద్ వెళ్లే రైల్లోనో, అనంతగిరి కొండల్లోనో సిగ్నల్ సన్నగిల్లినచోట ఛార్జింగ్ త్వరగా అయిపోతుంది. దూరపు టవర్‌ను అందుకోవడానికి ఫోన్ ఎక్కువ శక్తితో తరంగాలు పంపడమే కారణం. అలాంటిచోట చెవికి ఆనించి గంటలకొద్దీ మాట్లాడకుండా ఇయర్‌ఫోన్ పెట్టుకోవడం మంచిది. శరీరం గ్రహించే ఈ శక్తికి మన దేశంలో పరిమితి కిలోకు 1.6 వాట్లు. *#07# నొక్కితే చాలా ఫోన్లు తమ లెక్క చూపిస్తాయి.

*#06# నొక్కితే ఐఎంఈఐ అనే 15 అంకెల ఫోన్ గుర్తింపు నంబరు వస్తుంది. దాన్ని పట్టాదారు పాసు పుస్తకం ఉన్నచోటే రాసి పెట్టుకోండి. సంతలో ఫోన్ పోతే ముందు సిమ్ బ్లాక్ చేయించి, పోలీసులకు ఫిర్యాదు ఇచ్చి, 2023 మేలో దేశమంతటికీ అందుబాటులోకి వచ్చిన సంచార్ సాథీ పోర్టల్‌లో ఆ నంబరు నమోదు చేస్తే, ఆ ఫోన్ ఏ సిమ్‌తోనూ పనిచేయకుండా ఆపేస్తారు. తెలంగాణ పోలీసులు ఈ పద్ధతిలోనే ఎన్నో ఫోన్లు వెతికి సొంతదారులకు అప్పగించారు.

ఇంకొకటి. కందులో పత్తో కొంటానంటూ ఎవరో ఫోన్ చేసి, డబ్బు పంపుతున్నా, పిన్ కొట్టమంటే అది మోసమే. యూపీఐలో డబ్బు తీసుకోవడానికి పిన్ అవసరం లేదు, పంపడానికే కావాలి. పొరపాటున పోతే సిగ్గుపడి దాచకుండా, పోయిన సొమ్ము ఇంకో ఖాతాకు దాటకముందే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కాల్ చేయండి.