ఏ ఫిల్టరు కొనాలి? ముందు మీ నీళ్ళేవో చెప్పండి

"డాక్టరుగారూ, మంచినీళ్ళకు ఏ ఫిల్టరు కొనమంటారు?"

ఈ ప్రశ్న వినని రోజు నాకు వుండదు. జ్వరానికి మందు రాయించుకుని, చీటీ చేతబట్టుకుని గుమ్మందాకా వెళ్ళినవారు మళ్ళీ వెనక్కి తిరిగి అడుగుతారు. "మీ ఇంట్లో తాగేవి ఏ నీళ్ళు?" అని నేను ఎదురు ప్రశ్న వేస్తే చాలామంది తెల్లబోతారు. రోగమేదో తెలియకుండా మందు రాయమంటే ఎలా వుంటుందో, నీళ్ళేవో తెలియకుండా ఫిల్టరు చెప్పమన్నా అలాగే వుంటుంది.

మన పల్నాటిలో తాగే నీళ్ళు ముఖ్యంగా రెండు రకాలు. నాగార్జునసాగర్ కుడి కాలువలోకి 1967లో నీళ్ళు వదిలారు. ఆ కాలువ నీటితో నింపుకునే మంచినీళ్ళ చెరువులు, వాటి నుంచి వచ్చే కుళాయిలు ఒక రకం. కాలువ అందని మెట్ట ఊళ్ళలో బోరింగు నీళ్ళు రెండో రకం. మాచర్ల నాపరాళ్ళు, పిడుగురాళ్ళ సున్నం దేశమంతా తెలిసినవే గదా! ఆ రాతి పొరల్లోంచి ఊరి వచ్చిన నీళ్ళలో సున్నమూ, ఇతర లవణాలూ కరిగి వుండడంలో ఆశ్చర్యమేముంది?

ఈ రెండింటికీ శత్రువులు వేరు. కాలువ నీటిలో లవణాలు తక్కువ, బురదా క్రిములూ ఎక్కువ. కలరా, టైఫాయిడ్, పచ్చకామెర్లు, నీళ్ళ విరేచనాలు ఈ దారినే వస్తాయి. కుళాయి నీళ్ళయినా గొట్టం పగిలి మురుగు కలిస్తే అంతే సంగతులు. 2018 మార్చిలో గుంటూరు నగరంలో అతిసారం ప్రబలి ప్రాణాలు పోయిన సంగతి చాలామందికి గుర్తుండే వుంటుంది. బోరు నీటిలో క్రిములు తక్కువే గాని, కొన్నిచోట్ల ఫ్లోరైడు వుంటుంది. పశువుల కొట్టాలకూ, మరుగుదొడ్ల గుంటలకూ దగ్గరగా వేసిన బోరులో నైట్రేట్లు కూడా చేరతాయి.

ఈ తేడాను నేనే చాలాకాలం పట్టించుకోలేదని ఒప్పుకోవాలి. ఆస్పత్రికి వచ్చిన ప్రతివారికీ "నీళ్ళు కాచి చల్లార్చి తాగండమ్మా" అని చెప్పి పంపేవాణ్ణి. ఒకసారి మెట్ట ఊరినుంచి ఒక తల్లి ఎనిమిదేళ్ళ పిల్లను తీసుకువచ్చింది. పిల్ల ముందుపళ్ళ మీద సుద్ద పూసినట్టు తెల్లని చారలు, అక్కడక్కడ గోధుమరంగు మచ్చలు. "అయ్యా, మీరు చెప్పినట్టే అయిదేళ్ళనుంచీ కాచిన నీళ్ళే పోస్తున్నాను. చిన్నదానికీ అవే పోస్తున్నా. అయినా పెద్దదానికి ఈ గారపళ్ళేమిటి? బళ్ళో పిల్లలు ఎక్కిరిస్తున్నారు, నవ్వడం మానేసింది" అన్నది. వాళ్ళవి బోరింగు నీళ్ళు. నీళ్ళు కాస్తే క్రిములు చస్తాయి గాని ఫ్లోరైడు ఆవిరిగా పోదు. నీరు ఇగిరినకొద్దీ మిగిలిన నీళ్ళలో దాని పాలు కొంచెం పెరుగుతుంది కూడా. ఆ తల్లి ఎంతో శ్రద్ధగా పాటించిన నా సలహా సగం సలహా. ఆవిడకు ఏమి జవాబు చెప్పానో రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా వుంది.

ఫ్లోరైడు మనకు కొత్త కాదు. మద్రాసు రాజధానిలో ఈ వ్యాధిని గురించి వైద్య పత్రికలో 1937లోనే ప్రకటించారు. ఆనాడు గుర్తించిన పల్లెలు నెల్లూరు జిల్లాలోవి. లీటరు నీటిలో 1 మిల్లీగ్రాము వరకు ఫరవాలేదనీ, వేరే నీటి వసతి లేకపోతే 1.5 వరకు తాగవచ్చుననీ భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. అంతకు మించితే, శాశ్వత దంతాలు లోపల తయారవుతున్న వయస్సులో, అంటే సుమారు ఎనిమిదేళ్ళలోపు పిల్లల్లో పళ్ళు పాడవుతాయి. అంతకంటే చాలా ఎక్కువ మోతాదులో ఏళ్ళ తరబడి తాగితే ఎముకలకు పడుతుంది. మెడ తిరగదు, నడుము వంగదు. పట్టిన తర్వాత వదిలించే మందు లేదు. రాకుండా చూసుకోవడమొక్కటే మార్గం.

ఇందులో ఒక మోసం వున్నది. ఫ్లోరైడుకు రుచి లేదు, వాసన లేదు, రంగు లేదు. పప్పు ఉడకని నీళ్ళను చూసి "ఇవి చెడ్డ నీళ్ళు" అంటాము. పప్పు ఉడకకపోవడం సున్నం గుణం. నిజానికి సున్నం ఎక్కువగా వున్న నీటిలో ఫ్లోరైడు దానితో కలిసి అడుగున దిగిపోతుంది కాబట్టి అంతగా నిలవదు. పప్పు చక్కగా ఉడికే తియ్యని బోరు నీళ్ళలోనే అది ఎక్కువగా వుండవచ్చు. నాలుకను నమ్మి లాభం లేదు. సీసాడు నీళ్ళు గ్రామీణ నీటి సరఫరా శాఖవారి పరీక్షాశాలకు పంపండి. ఫ్లోరైడు, నైట్రేటు, మొత్తం లవణాలు, క్రిములు, ఈ నాలుగూ చూడమనండి. ఖర్చు కొద్దిపాటిదే. క్రిముల పరీక్షకు మాత్రం సీసా వారిచ్చినదే కావాలి.

ఆ కాగితం చేతికి వచ్చాక ఫిల్టరు ఎంచుకోవడం తేలిక.

కాలువ నీళ్ళయితే ఖరీదైన యంత్రం అక్కర్లేదు. బురదగా వుంటే పటికముక్క నాలుగు తిప్పులు తిప్పి, తేరనిచ్చి, పైతేట వంచుకోండి. వెనకటివారు చిల్లగింజ అరగదీసి కలిపేవారు, అదీ ఇందుకే. తేరిన నీళ్ళు తేటగా కనబడతాయే గాని క్రిములు చావవు. ఆ తర్వాత తెర్లకాగినాక ఒక నిమిషం వుంచి దించండి, లేదా క్లోరిన్ మాత్ర వేసి అరగంట ఆగండి. కొవ్వొత్తి ఫిల్టరు బురదనూ, చాలావరకు క్రిములనూ ఆపుతుంది. కామెర్ల క్రిమివంటి అతి చిన్నవాటిని ఆపుతుందని నమ్మలేము. ఆ కొవ్వొత్తిని వారానికొకసారి మెత్తని బ్రష్షుతో, సబ్బు లేకుండా రుద్ది కడగాలి. బీట వారితే పారేయాలి. చేతిలో డబ్బుంటే అతినీలలోహిత దీపం యంత్రం మంచిదే. అయితే నీళ్ళు మురికిగా వుంటే క్రిములు ఆ మట్టిరేణువుల చాటున దాక్కుంటాయి, కరెంటు పోతే దీపమూ పోతుంది.

బోరు నీటిలో ఫ్లోరైడు వున్నదని తేలితే పైవేవీ పనికిరావు. కొవ్వొత్తీ, దీపమూ, బొగ్గు గొట్టమూ ఫ్లోరైడును ముట్టుకోవు. నాగపూరులోని నీరీ సంస్థవారు 1970లలో పటిక, సున్నం, బ్లీచింగు పౌడరు కలిపి ఫ్లోరైడు తీసే పద్ధతి రూపొందించి దానికి మన నల్లగొండ పేరే పెట్టారు. పద్ధతి మంచిదే గాని, మోతాదు ప్రతి నీటికీ మారుతుంది. లెక్క తెలియకుండా ఇంట్లో చేయకండి. ఇంటికి అనువైనది ఆర్.ఓ. యంత్రం. ఫ్లోరైడునూ, నైట్రేటునూ చాలామటుకు తీసేస్తుంది. బదులుగా ఒక బిందె మంచినీళ్ళకు రెండు మూడు బిందెలు పారబోస్తుంది. వాటిని గిన్నెలు తోమడానికి, ఇల్లు కడగడానికి వాడండి.

లవణాలు తక్కువగా వున్న కాలువ నీటికి ఆర్.ఓ. పెట్టించడం డబ్బూ నీళ్ళూ దండగ. ఇంటికి వచ్చి రెండు ఇనుప కడ్డీలు గ్లాసులో ముంచి, నీళ్ళు కాఫీ రంగుకు తిరగగానే "చూశారా, మీరు తాగే విషం!" అనేవారిని నమ్మకండి. ఆ రంగు కరెంటుకు కరిగిన ఇనుప కడ్డీది. లవణాలు లేని నీళ్ళలో కరెంటు పారదు కనుక వారి యంత్రపు నీళ్ళు తెల్లగా వుంటాయి. వాటిలో చిటికెడు ఉప్పు వేసి మళ్ళీ ముంచమనండి, అవీ కాఫీ అవుతాయి. పెన్నులాటి మీటరూ అంతే. అది మొత్తం లవణాలు చెబుతుంది గాని ఫ్లోరైడు చెప్పదు, క్రిములు అసలే చెప్పదు.

యంత్రం కొనలేనివారు ఊళ్ళో ప్లాంటు నీళ్ళు తెచ్చుకుంటున్నారు. తాగడానికీ, వంటకూ రెండింటికీ అవే వాడాలి. అన్నం, పప్పు బోరు నీళ్ళతో వండితే ఫ్లోరైడు ఆ దారిన లోపలికి పోతుంది. ఇరవై లీటర్ల క్యానులో పాచి పట్టనివ్వకండి. ఆ నీళ్ళలో క్లోరిన్ వుండదు కనుక చెయ్యి ముంచితే క్రిములు తేలిగ్గా పెరుగుతాయి. క్యాను ఎండలో పెట్టకండి, నీళ్ళు రెండు రోజులకు మించి నిలవవుంచకండి. ఆర్.ఓ. యంత్రం పొర అరిగిపోయినా నీళ్ళు తేటగానే వస్తాయి కనుక, ఏడాదికొకసారి దాని నీటిని కూడా పరీక్షకు పంపండి.

ఆ తల్లి బోరు నీటిలో ఫ్లోరైడు 3 మిల్లీగ్రాముల పైన వున్నట్టు తేలింది. వాళ్ళు ప్లాంటు నీళ్ళకు మారారు. పెద్దపిల్ల పళ్ళమచ్చలు అలాగే వున్నాయి. మచ్చలు కనబడకుండా పైపూత వేయించవచ్చునని దంతవైద్యుని దగ్గరకు పంపాను. చిన్నపిల్లకు అప్పటికి మూడేళ్ళు. మొన్నీమధ్య దగ్గుకని తీసుకువచ్చినప్పుడు "నోరు తెరువమ్మా" అని, గొంతు కంటే ముందు కొత్తగా మొలిచిన ముందుపళ్ళు చూశాను. తెల్లగా వున్నాయి.