సిగ్రూను కన్నీరు

ఐస్‌లాండు ద్వీపమున 1270 ప్రాంతమున వ్రాయఁబడిన యొక తోలుపత్రముల ప్రతియందుఁ బ్రాచీన నార్సు భాషలోని వీరగాథలు నిలిచియున్నవి. అది 1643లో బ్రిన్యోల్ఫుర్ స్వెయిన్సన్ అను బిషప్పునకు దొరకి, 1662లో డెన్మార్కు రాజునకుఁ గానుకగాఁ బోయి, 1971లో మరల స్వదేశమునకు వచ్చినది. హెల్గి, సిగ్రూనుల గాథ యందలిదే.

సిగ్రూను వాల్‌క్యూరి. హతులను ఎన్నుకొనునది యని యా పదమునకు వ్యుత్పత్తి. రణమునఁ బడిన వీరులలో యోగ్యుల నేఱి యుద్ధదేవుఁడగు ఓడిన్ సభకుఁ గొనిపోవుట వాల్‌క్యూరుల పని. వీరుని స్వర్గమునకుఁ గొనిపోవు అప్సరసలను మన వీరగల్లులపైఁ జూచినవారి కిది వింత కాదు. అయితే అప్సరస వీరుఁడు పడిన పిమ్మట వచ్చును. సిగ్రూను బ్రదికియున్న వీరునే వలచినది. మఱియు నామె హోగ్ని యను మానవరాజు కూఁతురు. చిక్కంతయు నిచ్చటనే పుట్టినది.

హోగ్ని యామెను హోద్‌బ్రోద్దను రాజపుత్రున కిచ్చుటకు మాట యిచ్చియుండెను. సిగ్రూను తానే హెల్గికడకుఁ బోయి తన వలపుఁ దెలిపెను. ఫ్రేకస్టెయిన్ కడ యుద్ధము జరిగెను. హెల్గి గెలిచెను, వరుఁడు కాఁదలఁచిన హోద్‌బ్రోద్దుతోపాటు సిగ్రూను తండ్రియు నొక సోదరుఁడును మడిసిరి. రుక్మిణి వేఁడఁగాఁ గృష్ణుఁడు రుక్మిని బ్రాణములతో విడిచెను. ఇచ్చట నట్టి వేడికోలునకుఁ దావు లేదు. మిగిలినవాఁడు దాగ్ అను సోదరుఁ డొక్కఁడే. వాఁడును హెల్గికి విధేయుఁడనై యుందునని ప్రమాణము చేసి బ్రదికెను.

ఆ ప్రమాణము నిలువలేదు. పితృవధకుఁ బ్రతీకారముగా దాగ్ ఓడిన్‌కు బలి యిచ్చి, యా దేవుని బల్లెమునే యెరవు పడసి, హెల్గిని బొడిచి చంపెను. తానే వచ్చి సోదరి కా వార్తఁ జెప్పెను. అనుకూలవాయువు వీచినను నీ యోడ కదలకుండుఁగాక, శత్రువులు తఱిమినను నీ గుఱ్ఱము పరుగెత్తకుండుఁగాక, నీ కత్తి నీ తలనే తెగవేయుఁగాక యని సిగ్రూను శపించెను. దాగ్ చేసినదియు నాకాలపు నీతిని బట్టి పుత్రధర్మమే యగుటచేత, ఈ శాపము చదువరి మనస్సును రెండు ప్రక్కలకు లాగును.

ఒకనాఁటి సాయంకాలమున మృతుఁడైన హెల్గి గుఱ్ఱమెక్కి తన సమాధికి వచ్చుట దాసి చూచెను. సిగ్రూను సమాధిలోనికిఁ బోయెను. అతని చేతులు చల్లగాఁ దడిసియుండెను. నీవు నిద్రకుముందు విడుచు ప్రతి కన్నీటి బొట్టును రక్తమై నా ఱొమ్ముపైఁ బడుచున్నదని యతఁడు చెప్పెను. రఘువంశము అష్టమసర్గమున వసిష్ఠుఁడు అజునకుఁ బంపిన సందేశమును బండితు లెఱుఁగుదురు: బంధువుల యెడతెగని యశ్రువులు ప్రేతమును దహించును. నమ్మిక యొక్కటియే, ప్రయోజనము వేఱు. కాళిదాసుని యందు దుఃఖ ముడుగుట కది హేతువు. సిగ్రూను మాత్రము అచ్చటనే పడక పఱచి మృతుని కౌఁగిట నిదురించెను. తెల్లవాఱకమునుపే హెల్గి వెడలిపోయెను. మఱునాఁటి సాయంకాల మామె యెదురుచూచెను, అతఁడు రాలేదు. శోకముచే నామె చిరకాలము బ్రదుకలేదు.

గాథ చివర సంకలనకర్త వచనమున నొకమాట చేర్చెను. మనుష్యులు మరల జన్మింతురని పూర్వులు నమ్మిరఁట. ఇప్పు డది ముసలమ్మల భ్రాంతి యనఁబడుచున్నదఁట. ఐస్‌లాండు క్రైస్తవమును స్వీకరించినది 1000 ప్రాంతమున. ఆతఁడట్లు వ్రాయుట సహజమే. అయినను దాను నమ్మనిదానిని కొట్టివేయక, వీరిరువురును హెల్గి, కారా యను పేర్లతో మరల పుట్టిరని వెంటనే వ్రాసెను. పూర్వజన్మమున వీరే మఱియొక హెల్గియు, స్వావాయు నని యా ప్రతియందే కలదు. మూఁడవ జన్మపు కథకై యాతఁడు పేర్కొన్న కారా గాథ మాత్రము నేఁడు లభించుటలేదు.