ఎడారిలో క్రేన్లు, మన లాప్‌టాపులు

"సౌదీలో సాఫ్ట్‌వేర్ వాళ్ళకేం పని?" అని అమెరికాలోని మిత్రులు అడుగుతుంటారు. రియాద్‌లో నేను చేసేది బిమ్ పని. భవనాన్ని కట్టకముందే కంప్యూటర్లో కట్టి చూస్తాం. ఏ నీటి గొట్టం ఏ దూలానికి అడ్డొస్తుందో ముందే తెలిసిపోతుంది.

పనికైతే కొదవ లేదు. 2030 ఎక్స్‌పో, 2034 ఫుట్‌బాల్ ప్రపంచ కప్ ఇక్కడే. 176 కిలోమీటర్ల రియాద్ మెట్రో 2024 డిసెంబరులో మొదలైంది. వెయ్యి మీటర్లు దాటవలసిన జెద్దా టవర్ మాత్రం 2018లో ఆగి, 2025 జనవరిలో మళ్ళీ కదిలింది.

ఇక్కడి కట్టడాల తాళంచెవి చమురు ధర దగ్గరుంది. 2016 జనవరిలో పీపా ముప్పై డాలర్ల కిందకి పడింది. కాంట్రాక్టర్లకి బిల్లులు ఆగాయి, కూలీలకి జీతాలు ఆగాయి. ఆ ఏడాది వేలమంది భారతీయులు క్యాంపుల్లో చిక్కుకుపోయారు. వాళ్ళలో మన తెలంగాణ వాళ్ళూ ఉన్నారు.

గొట్టం అడ్డొస్తే ఎర్రగా చూపించే మా ప్రోగ్రాముకి ఈ సంగతి తెలియదు. అందుకే ఇక్కణ్ణించి ఆఫరొస్తే జీతంతోపాటు ఇంకోటి కూడా అడగండి: క్లయింటు బిల్లులు ఎన్నాళ్ళకి చెల్లిస్తున్నాడు? మొదట పిలిచిన కంపెనీని నేనూ అడిగాను. ఆర్నెల్ల బకాయి ఉందన్నారు. నమస్కారం పెట్టి వేరేచోట చేరాను.