యు.ఎస్.బి. ద్వారమునకు మీట

కంప్యూటరు ప్రక్కనున్న చిన్న యు.ఎస్.బి. ద్వారము సమాచారమునకే గాక విద్యుత్తునకు కూడ మార్గము. తొలి ప్రమాణము 1996లో వెలువడినది. సాధారణముగా అందులో ప్రవహించునది 5 వోల్టులు. రెండవ తరము ద్వారము 500, మూడవ తరముది 900 మిల్లీ ఆంపియర్ల వరకు ఇచ్చును. అనగా పాత ద్వారమొక్కటే రెండున్నర వాట్లు. తుపాను రాత్రి కరెంటు పోయి ల్యాప్‌టాప్ బ్యాటరీయే దిక్కైనపుడు మన నెల్లూరు తీరవాసులకు ఇది స్వల్పము కాదు. మరి గోడమీది స్విచ్చు వలె ఈ ద్వారమును ఆర్పు మీటను ఆపరేటింగ్ సిస్టము మనకేల చూపదు?

ఉర్దూ నుండి మన వాడుకలోనికి వచ్చిన ‘బందు’ అను మాటను చూడుడు. మధ్యాహ్నము తలుపు దగ్గరకు వేసినను దుకాణము బందే, వ్యాపారము ఎత్తివేసినను బందే. ద్వారము విషయములో ఈ అస్పష్టత చెల్లదు. పరికరమును నిద్రపుచ్చుట ఒకటి. అపుడది రెండున్నర మిల్లీ ఆంపియర్లకు మించి తీసుకొనరాదు, కాని తీగలో 5 వోల్టులు అట్లే యుండును. విద్యుత్తును నిజముగా తెంచుట వేరొకటి. లినక్స్‌లో ‘ఆటో’ అని వ్రాసినచో లభించునది మొదటిదే. యు.ఎస్.బి. దీపమునకు అదియు వర్తించదు. దీపము కంప్యూటరుతో మాటలాడదు గనుక, అది అక్కడ ఉన్నదన్న సంగతియే సిస్టమునకు తెలియదు.

తెంచవలసినది హబ్బు. ప్రతి ద్వారమునకు వేరు మీట కలదా, అన్నింటికి ఒకటేనా అని అది తన వివరణలో చెప్పును. రాస్ప్‌బెర్రీ పై 4లో నాలుగు ద్వారములకు మీట ఒక్కటే. కొన్ని హబ్బులు వేరు మీటలున్నవని చెప్పును గాని, ఖర్చు తగ్గించుటకు లోపల ఆ భాగమునే అమర్చరు. కావున సిస్టము ‘విద్యుత్తు ఆగినది’ అని గాక, ‘ఆపమని ఆజ్ఞ పంపితిని’ అని చెప్పుటయే సత్యము.

అపాయములును కలవు. పెన్‌డ్రైవుపై వ్రాత ముగియకముందే తెంచినచో ఫైలు చెడును. కీబోర్డున్న ద్వారమును ఆర్పినచో తిరిగి వెలిగించుటకు చేతిలో ఏమియు మిగలదు! అందుచేత ముందు వ్రాత ముగించి, డిస్కును విడదీసి, పిదప తెంచవలెను. కీబోర్డు విషయములో కొన్ని క్షణములలో ధ్రువీకరణ రాకున్న ద్వారము తానే వెలుగవలెను.

సిస్టము వలదన్నను మనిషి పట్టుబట్టినచో? ఆనాడు మన జిల్లాలోనిదే అయిన శ్రీహరికోటలో 1979 ఆగస్టు 10న ఎస్.ఎల్.వి.–3 ప్రయోగమును కంప్యూటరు నిలిపివేసినది. నిపుణుల సలహాపై దానిని త్రోసిరాజని ముందుకు సాగితినని అబ్దుల్ కలాంగారు తరువాత ప్రసంగములలో చెప్పెడివారు. నియంత్రణ వ్యవస్థలోని లీకు వలన రాకెట్టు బంగాళాఖాతములో పడినది. మరుసటి ఏడు జూలై 18న ప్రయోగము జయప్రదమైనది. మనిషి అధికారమును తీసివేయవలెనని నేననను. అయితే ‘అనుమతి లేదు’ అని ఊరకుండక, ఏ పరికరముపై ఏ పని మిగిలియున్నదో సిస్టము ఆ క్షణముననే చూపవలెను.

2022లో లినక్స్ 6.0 ప్రతి ద్వారమునకు ‘డిజేబుల్’ అను ఫైలును చేర్చినది. దానిలో వ్రాయు హక్కు నిర్వాహకునికే. పెక్కు హబ్బులకు విద్యుత్తును తెంచు శక్తి లేదని దాని వివరణ పత్రమే తెలుపుచున్నది. మన ప్రయోగశాలలో పరీక్షింపదలచువారికి ఒక చవుక దీపము చాలును: కీబోర్డు లేని హబ్బులో దానిని గుచ్చి, ఆ ఫైలులో 1 వ్రాయుడు. దీపము ఆరినచో ఆ హబ్బులో మీట నిజముగా ఉన్నట్లు.